ఇనుప ఇసుక – యాంత్రిక తత్త్వం

వానాకాలం వెళ్ళిన తరువాత ఉత్తర తెలంగాణలోని పెక్కు వాగులలో తెల్లని ఇసుకమీద నల్లని చారలు కనిపిస్తాయి. ఆ నల్లని రేణువులను దోసిట తీసి ఆరబెట్టి, దగ్గరగా అయస్కాంతం పట్టితే వాటిలో చాలా భాగం ఎగిరివచ్చి దానికి అంటుకొంటాయి. అవి మాగ్నటైటు అనే ఇనుప ఖనిజపు రేణువులు. కరీంనగరు ప్రాంతపు ప్రాచీన శిలలలో మాగ్నటైటు పొరలు పొరలుగా ఉన్నది. ఆ రాళ్ళు ఎండకు వానకు చివికి, వాగుల వెంట ఇసుకగా దిగివస్తున్నవి.

ఈ నల్లని ఇసుకనుగురించి రెండు ప్రశ్నలు వేయవచ్చు. మొదటిది: అది చారలుగా ఎందుకు చేరినది? దీనికి సమాధానం తేలిక. మాగ్నటైటు నీటికంటె ఐదు రెట్లకు పైగా సాంద్రత కలది. మామూలు ఇసుక సాంద్రత నీటికి రెండున్నర రెట్లకు కొంచెం ఎక్కువ. ప్రవాహం తేలిక రేణువులను ముందుకు నెట్టుకొనిపోతుంది. బరువైనవి వెనుక నిలిచిపోతాయి. రేణువు పరిమాణం, దాని బరువు, నీటి వేగం – ఈ మూడు మాటలతో వివరణ పూర్తి అయినది. రెండవ ప్రశ్న: ఆ రేణువు అయస్కాంతాన్ని తాకకముందే దానివైపు ఎందుకు ఎగిరినది? “అయస్కాంతానికి ఆకర్షణశక్తి ఉన్నది కాబట్టి” అని తరగతిలో వెంటనే సమాధానం వస్తుంది. ఆకర్షణశక్తి ఉన్నదని ఎట్లా తెలిసినదని మరల అడిగితే, “ఇనుమును ఆకర్షిస్తున్నది గదా!” అంటారు. ఈ సమాధానంలో ప్రశ్నలో లేని విషయం ఒక్కటి కూడా లేదు. జరిగినదానికి ఒక పేరు పెట్టడం మాత్రమే జరిగినది.

ఈ రెండు రకాల సమాధానాలకు మధ్యగల భేదాన్ని పట్టుకొని, మొదటి రకమే అసలైన వివరణ అని వాదించినవారు 17వ శతాబ్దపు ఐరోపా తాత్త్వికులు. వారి మార్గానికి యాంత్రిక తత్త్వమని పేరు. నేటి పాఠశాలలలో చెప్పే చలన నియమాలు ఆ తత్త్వం వేసిన పునాదిమీద లేచినవే. అది ఏమి కోరినది, ఎక్కడ నెగ్గినది, ఎక్కడ ఓడినది అన్న విషయాలను తెలుసుకోవడానికి ఈ ప్రాంతపు ఇనుమే మంచి ఉదాహరణ.

కోనసముద్రపు మూసలు

ఈ నల్ల ఇసుకనుంచి, దిమ్మదుర్తివంటి చోట్ల తవ్వితీసిన ఖనిజంనుంచి ఇక్కడి కమ్మరులు తరతరాలుగా ఇనుము తీసినారు. ఆ ఇనుమునుంచి ఉక్కు చేసినారు. నిజామాబాదు జిల్లాలో, జగిత్యాల జిల్లా సరిహద్దుకు చేరువలో ఉన్న కోనసముద్రం ఈ పనికి పేరు పొందిన గ్రామం. ఇక్కడి ఉక్కుకోసం పారశీక వర్తకులు వచ్చేవారు. తెలుగు, కన్నడ భాషలలోని ‘ఉక్కు’ అనే మాటే ఐరోపా భాషలలో ‘వూట్జ్’గా మారినదని పలువురు పండితుల అభిప్రాయం.

1820లో హెన్రీ వాయిసీ అనే వైద్యుడు కోనసముద్రం వచ్చి ఈ పనిని కన్నులార చూచి వ్రాసినాడు. ఆయన వ్యాసం, ఆయన మరణించిన తరువాత, 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. రెండు వేర్వేరు చోట్ల తయారైన ఇనుమును పాళ్ళు చూచి కలిపి మట్టి మూసలలో పెట్టేవారు. మూసలను కొలిమిలో పేర్చి, తోలుతిత్తులతో గాలి ఊదుతూ సుమారు ఒక పగలూ రాత్రీ కాల్చేవారు. చల్లారిన తరువాత మూసను పగులగొడితే లోపల ఉక్కు బిళ్ళ ఉండేది. అది చాలా పెళుసు. కాబట్టి దానికి మట్టి పూసి మరల గంటలతరబడి కాల్చి, సమ్మెట దెబ్బకు ఓర్చేటంత మెత్తన చేసేవారు. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి ఉత్తర తెలంగాణలో క్షేత్రపరిశీలన జరిపి, చిట్టెపు గుట్టలు, మూసల ముక్కలు దొరికే స్థలాలను పెద్దసంఖ్యలో నమోదు చేసినారు.

గ్రామాలలో కొడవలి, గొడ్డలి చేసే ప్రతి కమ్మరికి తెలిసిన విషయం ఒకటి ఉన్నది. ఎర్రగా కాల్చిన ఉక్కును చటుక్కున నీటిలో ముంచితే గట్టిపడి పెళుసెక్కుతుంది. అదే ఉక్కును బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లారనిస్తే మెత్తగా ఉంటుంది. బరువు మారలేదు, బయటినుంచి ఏదీ వచ్చి చేరలేదు. అయినా గుణం మారినది. ఎందుచేత?

ఇప్పుడు మన ముందు రెండు చిక్కు ప్రశ్నలున్నవి: ఇనుప రేణువు అయస్కాంతంవైపు ఎందుకు కదిలినది? ఉక్కు నీటిలో ముంచగానే ఎందుకు గట్టిపడినది?

గుణాలతో చెప్పిన సమాధానాలు

యాంత్రిక తత్త్వానికి పూర్వం ఐరోపా విశ్వవిద్యాలయాలలో అరిస్టాటిల్ మతం నడిచేది. దానినిబట్టి ప్రతి వస్తువుకు స్వభావం ఉన్నది. అది చేసే పనికి ఆ స్వభావమే కారణం. రాయి కిందికి పడుతుంది, ఏమంటే దాని సహజస్థానం కిందనున్నది. నిప్పు పైకి లేస్తుంది, ఏమంటే దాని సహజస్థానం పైనున్నది. అయస్కాంతం విషయానికి వచ్చేసరికి ఈ మాట కూడా చాలలేదు. దానిలో ‘గుప్తగుణం’ ఉన్నదన్నారు.

మన దేశంలో వైశేషిక శాస్త్రం ఈ ప్రశ్నలను ఇంకా నిశితంగా విభజించి చూచినది. బాణం వింటినుంచి వెడలడానికి తాడు నెట్టడం కారణమనీ, తరువాత సాగిపోవడానికి దానిలో ఏర్పడిన వేగసంస్కారం కారణమనీ, చివరకు నేల పడడానికి గురుత్వం కారణమనీ కణాదుని సూత్రాలు చెప్పుతున్నవి. 17వ శతాబ్దంలో ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం ద్వారా ఈ విభజన దేశమంతటా విద్యార్థులకు తొలి పాఠమైనది. అయితే సూది అయస్కాంతంవైపు పోవడానికి కణాదుడు చెప్పిన కారణం ‘అదృష్టం’. ఇక్కడ ఆ మాటకు ‘కనబడనిది’ అని అర్థం. నెట్టినవాడు కనబడడు, తాకినది లేదు, కాబట్టి కనబడని కారణమేదో ఉన్నదన్నమాట. ఇది విషయాన్ని దాచడం కాదు. తెలిసిన కారణాలు ఎక్కడ ఆగిపోయినవో అక్కడ గీత గీసి చూపడమే. కాని ఆ గీతకు అవతల ఏమున్నదని వెదకడానికి అది దారి చూపలేదు.

ఐరోపాలో కొత్త తాత్త్వికులు ‘గుణం’ అనే మాటమీదనే తిరుగబడినారు. ఆనాటి ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ 1673లో ఒక ప్రహసనంలో ఈ పద్ధతిని ఎగతాళి చేసినాడు. నల్లమందు నిద్ర ఎందుకు తెప్పిస్తుందని పరీక్షకులు అడుగుతారు. దానిలో నిద్రపుచ్చే గుణమున్నదని అభ్యర్థి బదులు చెప్పి మెప్పు పొందుతాడు. నవ్వు వచ్చే సమాధానమే, కాని అయస్కాంతానికి ‘ఆకర్షణశక్తి’ ఉన్నదనే మన సమాధానం దీనికి అన్న కాదు, తమ్ముడు కాదు, కవలపిల్ల.

యంత్రంవలె ప్రకృతి

యాంత్రిక తత్త్వానికి మూడు పునాదులు ఉన్నవని చెప్పవచ్చు.

మొదటిది పదార్థాన్నిగురించి. ఇటలీలో గెలీలియో 1623లో ప్రకటించిన ఒక గ్రంథంలో వస్తుధర్మాలను రెండుగా విడదీసినాడు. ఆకారం, పరిమాణం, సంఖ్య, స్థానం, చలనం వస్తువులోనే ఉన్నవి. రంగు, రుచి, వాసన, వెచ్చదనం అనేవి వస్తువు మన ఇంద్రియాలను తాకినప్పుడు మనలో పుట్టే అనుభవాలు. పక్షి ఈకతో అరికాలిని తాకితే కితకితలు పుడతాయి. ఆ కితకితలు ఈకలో లేవు గదా! కాబట్టి శాస్త్రజ్ఞుడు వెదకవలసినవి మొదటి రకపు ధర్మాలే. అవి కొలతకు లొంగుతాయి. కొలతకు లొంగినవి గణితానికీ లొంగుతాయి. ఫ్రాన్సుదేశీయుడైన డేకార్ట్ ఇంకొక అడుగు వేసి, స్థలాన్ని ఆక్రమించడమే పదార్థపు లక్షణమన్నాడు. మనస్సు దీనికి పూర్తిగా వేరైనది. దానికి ఆలోచించడమే లక్షణం. ఈ విభజనతో పదార్థప్రపంచంలో కోరికలకు, సానుభూతులకు, స్వభావాలకు చోటు లేకపోయినది. ఇనుము అయస్కాంతాన్ని ‘ప్రేమించదు’. ప్రేమించడానికి దానికి మనస్సు లేదు.

రెండవది చలనాన్నిగురించి. కదలుతున్న వస్తువు తనంతట తాను ఆగదు. దారి కూడా మార్చుకొనదు. మార్పు రావలెనంటే మరొక వస్తువు దానిని తాకి నెట్టవలెను. డేకార్ట్ 1644లో ప్రకటించిన ‘తత్త్వశాస్త్ర సూత్రాలు’ అనే గ్రంథంలో ఈ నియమాన్ని సరళరేఖా చలనానికి అన్వయించి స్పష్టంగా చెప్పినాడు. నేడు పదవ తరగతి లోపలనే నేర్చుకొనే జడత్వ నియమం ఇదే. ఆయన అభిఘాతాలకు చెప్పిన నియమాలలో చాలా భాగం తప్పులని తరువాత హైగెన్సు చూపినాడు. కాని ప్రశ్న నిలిచినది. ఎక్కడ మార్పు కనిపిస్తే అక్కడ “ఏది దీనిని నెట్టినది?” అని అడగడం శాస్త్రపు అలవాటైనది.

మూడవది నియమాలనుగురించి. ఆకాశానికి ఒక ధర్మం, భూమికి ఒక ధర్మం అన్న పాత భేదం పోయినది. ప్రకృతి చేసినదానికి, మనిషి చేసినదానికి మధ్య ఉన్న భేదం కూడా పోయినది. గడియారంలోని చక్రాలు ఏ నియమాలనుబట్టి తిరుగుతున్నవో గ్రహాలు కూడా ఆ నియమాలనుబట్టే తిరుగుతున్నవి. ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ 1666లో తాళం, తాళపుచెవి ఉదాహరణ చూపినాడు. తాళం తీసే ‘శక్తి’ తాళపుచెవిలో దాగి ఉన్న గుణం కాదు. దాని పళ్ళ ఆకారం, తాళం లోపలి ఆకారం ఒకదానికొకటి సరిపోవడమే ఆ శక్తి. అట్లాగే వస్తువుల గుణాలన్నీ వాటి సూక్ష్మకణాల ఆకారం, అమరిక, చలనాలనుంచే పుట్టవలెనని బాయిల్ వాదించినాడు. వీరు నాస్తికులు కారు. గడియారం చేసినవాడు ఉన్నట్లే ఈ ప్రపంచయంత్రానికి కర్త ఉన్నాడని వారి విశ్వాసం. గడియారం ఎందుకు నడుస్తున్నదని అడిగితే మాత్రం చక్రాలను చూపవలె.

ఈ మూడవ పునాదికి మరొక ఫలితం ఉన్నది. ప్రకృతి, పనిముట్టు ఒకే నియమానికి లోబడితే, కొలిమి దగ్గర కమ్మరికి తెలిసినది కూడా శాస్త్రమే అవుతుంది. తాత్త్వికులు పుస్తకాలు మాని కార్ఖానాలలోకి, గనులలోకి తొంగిచూడడం ఈ కాలంలోనే ఎక్కువైనది.

మరచుట్ల కణాలు

అయస్కాంతానికి డేకార్ట్ ఇచ్చిన వివరణ ఈ తత్త్వపు బలాన్ని, బలహీనతను ఒక్కచోట చూపుతుంది. విశ్వంలో శూన్యం ఎక్కడా లేదని ఆయన మతం. అంతటా సూక్ష్మకణాలు నిండి సుడులు తిరుగుతున్నవి. వాటిలో కొన్ని, ఇతర గుండ్రని కణాల సందులగుండా దూరి దూరి, మరమేకులవలె చుట్లు తేరినవి. కొన్నిటికి కుడి చుట్టు, కొన్నిటికి ఎడమ చుట్టు. అయస్కాంతంలోను, ఇనుములోను ఈ చుట్లకు సరిపోయే రంధ్రాలున్నవి. మరకణాలు ఒక ధ్రువంలో ప్రవేశించి రెండవ ధ్రువంలో వెలికివస్తాయి. అయస్కాంతానికి ఇనుముకు మధ్య ఉన్న గాలిని అవి తరిమివేస్తాయి. వెనుకనున్న గాలి రెండింటిని దగ్గరకు నెడుతుంది. మనం ‘లాగడం’ అనుకొన్నది నిజానికి ‘నెట్టడమే’.

ఈ మరకణాలను ఎవరూ చూడలేదు. అటువంటివి లేవని నేడు తెలుసును. అయినా ఈ వివరణకు ‘గుప్తగుణానికి’ లేని ఒక గొప్పదనం ఉన్నది: దీనిని తప్పని నిరూపించవచ్చు. గాలి నెట్టడమే కారణమైతే, గాలి లేనిచోట అయస్కాంతం పనిచేయరాదు. బాయిల్ 1660లో ప్రకటించిన వాయురేచక ప్రయోగాలలో, గాలి తీసివేసిన గాజుపాత్రలోని సూదిని పాత్రకు వెలుపలనున్న అయస్కాంతం ఎప్పటివలెనే కదిలించినది. గాలి కథ నిలవలేదు. ‘గుప్తగుణం’ ఉన్నదన్నవానిని ఏ ప్రయోగమూ ఓడించలేదు. ఓడించడానికి వీలులేని మాట బలమైన మాట కాదు; అది ఏమీ చెప్పని మాట.

ఉక్కు గట్టిదనాన్ని కూడా డేకార్ట్ తన పుస్తకంలో కణాల అమరికతో వివరించడానికి ప్రయత్నించినాడు. ఈ దారిలో శ్రద్ధగా పనిచేసినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రేమూర్. ఆయన 1722లో ఉక్కు తయారీనిగురించి పెద్ద గ్రంథం ప్రకటించినాడు. ఉక్కును విరిచి, విరిగిన ముఖాన్ని సూక్ష్మదర్శినితో పరిశీలించి, అది గింజలు గింజలుగా ఉన్నదని గుర్తించినాడు. కాల్చినప్పుడు గింజల లోపలి ‘గంధక, లవణాంశాలు’ గింజల మధ్యకు వచ్చి చేరుతాయనీ, నీటిలో ముంచగానే అవి తిరిగి పోలేక అక్కడే చిక్కుకొని గింజలను బిగించి పట్టుకొంటాయనీ ఆయన ఊహ. ఈజిప్టునుంచి తెప్పించిన భారతదేశపు ఉక్కును సాగగొట్టి పనిముట్టు చేయగల పనివాడు పారిస్ నగరంలో ఒక్కడూ దొరకలేదని ఆయన వ్రాసుకొన్నాడు. కారణం తెలిసిన తాత్త్వికుని చేతికి పని లొంగలేదు. పని తెలిసిన కోనసముద్రపు కమ్మరికి కారణంతో అవసరం కలుగలేదు. ఈ రెండు జ్ఞానాలు కలుసుకోవడానికి ఇంకొక వందేళ్ళు పట్టినది.

తాకకుండా లాగడం

ఇంతలో యాంత్రిక తత్త్వానికి దాని ఇంటిలోనే చిక్కు వచ్చినది. 1687లో న్యూటన్ తన ‘ప్రిన్సిపియా’ ప్రకటించినాడు. సూర్యునికి భూమికి మధ్య, భూమికి రాయికి మధ్య ఒకే ఆకర్షణ ఉన్నదనీ, అది దూరపు వర్గానికి విలోమంగా ఉంటుందనీ ఆయన గణితంతో చూపినాడు. కాని ఆ ఆకర్షణ ఎట్లా పనిచేస్తున్నది? మధ్యలో చక్రం లేదు, తాడు లేదు, నెట్టే కణం లేదు. హైగెన్సు, లైబ్నిట్జ్ వంటి మేధావులు దీనిని ఒప్పుకోలేదు. వెళ్ళగొట్టిన గుప్తగుణాన్ని న్యూటన్ పెరటిదారిని తిరిగి తెచ్చినాడని వారి ఆక్షేపణ. ఒక వస్తువు మధ్యవర్తి ఏదీ లేకుండా దూరంనుంచి మరొక వస్తువుమీద పనిచేస్తుందనడం న్యూటన్‌కు కూడా అసంబద్ధంగానే తోచినది. ఆయన 1693లో ఒక లేఖలో ఆ మాటే వ్రాసినాడు. కాని 1713లో వెలువడిన రెండవ ముద్రణలో తన వైఖరిని స్పష్టం చేసినాడు: గురుత్వానికి కారణం తెలియలేదు, తెలియనిచోట ఊహలు కల్పించను, నియమం నిజమై, లెక్కలు సరిపోతే ప్రస్తుతానికి అది చాలును.

ఇది గుప్తగుణం కాదా? కాదు. గుప్తగుణం దేనినీ ముందుగా చెప్పలేదు. న్యూటన్ నియమం చెప్పినది. భూమి తనచుట్టూ తాను తిరుగుతున్నది కనుక అది మధ్యలో ఉబ్బి, ధ్రువాలవద్ద నొక్కుకొని ఉండవలెనని ఆ సిద్ధాంతంనుంచి తేలినది. ఫ్రాన్సులో కస్సీని వంశీయులు చేసిన కొలతలేమో భూమి ధ్రువాలవైపు సాగి ఉన్నదని సూచించినవి. డేకార్ట్ అనుయాయులు ఆ పక్షం వహించినారు. 1735లో పెరూ దేశానికి, 1736లో లాప్‌లాండుకు ఫ్రెంచి బృందాలు వెళ్ళి ఒక డిగ్రీ అక్షాంశపు పొడవును కొలిచినవి. న్యూటన్ మాటే నెగ్గినది. నేటి లెక్కనుబట్టి భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధం ధ్రువ వ్యాసార్ధంకంటె 21 కిలోమీటర్లు ఎక్కువ. ఒక డిగ్రీ అక్షాంశపు పొడవు భూమధ్యరేఖ వద్ద సుమారు 110.6, కరీంనగరు, ఆదిలాబాదుల వద్ద సుమారు 110.7, ధ్రువాల వద్ద సుమారు 111.7 కిలోమీటర్లు.

భూమి రూపాన్ని మరింత సరిగా నిర్ణయించే ఈ పనిలో భారతదేశానికి కూడా పాలు ఉన్నది. 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి లాంబ్టన్ ప్రారంభించిన సర్వే దక్కనుమీదుగా ఉత్తరానికి సాగినది. దానికే మహా త్రికోణమితి సర్వే అని పేరు. కోనసముద్రపు మూసలను చూచి వ్రాసిన వాయిసీ ఈ సర్వేకు వైద్యుడుగాను, భూగర్భశాస్త్రజ్ఞుడుగాను నియమితుడైనవాడే. ఈ విధంగా న్యూటన్ పరీక్షకు వచ్చినవారి వెంట, ఉక్కు రహస్యం వెదికేవాని కన్ను కూడా ఈ ప్రాంతానికి వచ్చినది.

ఉక్కు విషయంలో గెలుపు

రేమూర్ ఊహించిన ‘గంధక, లవణాంశాలు’ నిజం కావు. 1781లో స్వీడను రసాయనజ్ఞుడు బెర్గ్‌మన్ చేసిన పరిశోధన, 1786లో ఫ్రాన్సులో వాండర్మోండ్, బెర్తొలే, మోంజ్ చేసిన పరిశోధన ఇనుముకు ఉక్కుకు భేదం కర్బనమని తేల్చినవి. హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు బొంబాయినుంచి పంపిన వూట్జ్ ఉక్కును జార్జి పియర్సన్ పరీక్షించి 1795లో లండను రాయల్ సొసైటీకి నివేదించినాడు. 1819 నుంచి 1822 వరకు మైకేల్ ఫారడే, స్టోడార్ట్ అనే కత్తుల పనివానితో కలిసి ఈ ఉక్కుమీద ప్రయోగాలు చేసినాడు. మూస ఉక్కులో సాధారణంగా నూటికి ఒకటి నుంచి రెండు వంతుల వరకు కర్బనం ఉంటుందని నేడు తెలుసును.

గట్టిదనానికి కారణం 20వ శతాబ్దంలో ఎక్స్‌కిరణాలు చూపినవి. ఇనుములో పరమాణువులు క్రమమైన వరుసలలో ఉంటాయి. ఆ వరుసలలో అక్కడక్కడ తప్పు అమరికలుంటాయి. అవి సులభంగా జరుగుతాయి కాబట్టి ఇనుము వంగుతుంది. ఈ సంగతిని 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ వేర్వేరుగా వివరించినారు. ఎర్రగా కాలిన ఇనుములో కర్బన పరమాణువులకు వరుసల సందులలో చోటు ఉంటుంది. నెమ్మదిగా చల్లారితే అవి బయటికి వచ్చి వేరుగా చేరుతాయి. చటుక్కున చల్లారితే బయటికి రావడానికి వ్యవధి లేక లోపలనే చిక్కుకొంటాయి; వరుసలు ఒకవైపు సాగి బిగుసుకొంటాయి; తప్పు అమరికలు జరగడానికి దారి ఉండదు. అందుచేత ఉక్కు గట్టిపడుతుంది, వంగలేక విరుగుతుంది. పేర్లు మారినవి గాని, ‘కాల్చినప్పుడు కదలి, ముంచినప్పుడు చిక్కుకొన్న కణాలు’ అన్న రేమూర్ మాటకు ఇది ఎంత దగ్గర! గుణం వెనుక కణాల అమరిక ఉన్నదన్న బాయిల్ పట్టుదల ఇక్కడ నెగ్గినది.

అయస్కాంతం విషయంలో ఓటమి

అయస్కాంతం కథ వేరు. 1785లో కూలూమ్ అయస్కాంత ధ్రువాల మధ్య బలం కూడా దూరపు వర్గానికి విలోమమని కొలిచి చూపినాడు. ఫారడే అయస్కాంతం చుట్టూ బలరేఖలు నిండి ఉన్నవని చెప్పినాడు. మాక్స్‌వెల్ ఆ భావానికి గణితరూపం ఇచ్చినాడు. ఇనుప రేణువును కదిలించేది దూరాన ఉన్న అయస్కాంతం కాదు, రేణువు ఉన్న చోటనే ఉన్న అయస్కాంత క్షేత్రం. తాకకుండా పనిచేయడమన్న చిక్కు తీరినది. కాని ఈ క్షేత్రం చక్రాలు, మరలు, కణాలతో చేసిన యంత్రం కాదు.

అంతకంటె విచిత్రమైన సంగతి తరువాత బయటపడినది. 1911లో నీల్స్ బోర్, 1919లో కుమారి వాన్ లీవెన్ వేర్వేరుగా ఒక సిద్ధాంతాన్ని నిరూపించినారు. పదార్థంలోని విద్యుత్కణాలు పూర్తిగా పాత యాంత్రిక నియమాలనుబట్టే కదలుతున్నవనుకొని, ఉష్ణ సమస్థితిలో లెక్క వేస్తే, పదార్థపు అయస్కాంతత్వం సున్నకు సమానమవుతుంది. అనగా ప్రపంచం డేకార్ట్, న్యూటన్‌లు ఊహించిన యంత్రమే అయితే వాగు ఇసుకలోని ఈ నల్లని రేణువు అయస్కాంతానికి అంటుకోరాదు. అది అంటుకొంటున్నది! ఎలక్ట్రానుకు స్వతస్సిద్ధమైన భ్రమణం ఉన్నదని 1925లో ప్రతిపాదించినారు. పొరుగు పరమాణువుల ఎలక్ట్రానులను ఒకే దిశకు మళ్ళించే కారణం క్వాంటం నియమాలలో ఉన్నదని 1928లో హైసెన్‌బర్గ్ చూపినాడు. మాగ్నటైటులో రెండు వర్గాల ఇనుప అయాన్లు ఎదురెదురు దిశలలో నిలిచినా, వాటి బలాలు సమానం కానందున మిగులు అయస్కాంతత్వం ఉంటుందని 1948లో నేయెల్ వివరించినాడు.

తరగతి గదిలో

యాంత్రిక తత్త్వం ఇచ్చిన సమాధానాలు చాలా భాగం పోయినవి. అది నేర్పిన పరీక్ష మాత్రం పోలేదు. ఒక వివరణను వినగానే విద్యార్థి మూడు ప్రశ్నలు వేయవచ్చు. ఈ సమాధానం ప్రశ్నకే మరొక పేరు కాదుగదా? దీనినుంచి మనం ఇంతవరకు చూడని విషయం ఏదైనా తేలుతున్నదా? అట్లా తేలినది జరగకపోతే సమాధానాన్ని వదలుకొనడానికి సిద్ధమేనా?

ఈ పరీక్షను పాఠశాలలోనే చేసి చూపవచ్చు. ఇనుప మేకును పట్టకారుతో పట్టుకొని ప్రకాశవంతమైన ఎరుపు వచ్చేవరకు కొలిమిలో కాల్చి అయస్కాంతానికి చూపితే అది ఆకర్షింపబడదు. చల్లారుతూ వచ్చి సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు దాటి దిగినప్పుడు మరల ఆకర్షింపబడుతుంది. ‘ఆకర్షణశక్తి ఉన్నది’ అనే సమాధానం ఈ సంగతిని ముందుగా చెప్పలేదు. చూచిన తరువాత కూడా వివరించలేదు. పరమాణువుల అయస్కాంత దిశలు కలిసి నిలిచినవని చెప్పే సమాధానం, వేడి ఆ క్రమాన్ని చెదరగొడుతుందని చెప్పగలదు. అట్లాగే విరిగిన రంపపు బ్లేడు ముక్కలు రెండింటిని ఎర్రగా కాల్చి, ఒకదానిని నీటిలో ముంచి, రెండవదానిని బూడిదలో చల్లారనివ్వవలె. మొదటిది పట్టకారుతో వంచబోతే పుటుక్కున విరుగుతుంది, రెండవది వంగుతుంది. ఈ పనులు కమ్మరి సమక్షంలో, కన్నులకు రక్షణ పెట్టుకొని చేయడం మంచిది. విరిగే ముక్కలు కంటికి ప్రమాదం.

పాఠ్యపుస్తకంలో ‘జడత్వం’, ‘గురుత్వాకర్షణ’, ‘అయస్కాంతత్వం’ అనే మాటలు వరుసగా వస్తాయి. వాటిని కంఠస్థం చేసిన విద్యార్థికి పేర్లు తెలిసినవి. ఆ పేరు వెనుక ఏ కొలత ఉన్నది, ఏ ప్రయోగం దానిని తప్పని చూపగలిగి ఉండేది అని అడిగి తెలుసుకొన్న విద్యార్థికి భౌతికశాస్త్రం తెలిసినది. ఈ రెండింటికి మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడమే ఉపాధ్యాయుని పని.